సూదిపిట్ట రాలేదని రాసిన మూడేళ్ళు

ఊరి మురుగంతా వచ్చి చేరే చోట పనిచేసే మనిషికి పెద్దమనిషి హోదా దక్కడం మామూలు సంగతి కాదు. పంపు గదిలో పనిచేసే పంపాయనకు దక్కింది. ఊరందరి దగ్గరా కాదనుకోండి. ఆదివారం పొద్దున్నే మెడలో బైనాక్యులర్లు వేలాడేసుకుని ప్లాంటు గేటు దగ్గరికొచ్చే ఏడెనిమిది మంది దగ్గర మాత్రమే. కానీ ఆ ఏడెనిమిది మందిలో ఆయన మాటకు ఎదురు లేదు. ఆయన ఒక పిట్ట వచ్చిందంటే వచ్చినట్టు. రాలేదంటే, అది పాపం కొమ్మ మీద కూర్చునున్నా రానట్టే.

మురుగునీటిని శుభ్రం చేసే ఆ ప్లాంటు ఊరి చివర ఉంది. నాలుగు పెద్ద గుంటలు, వాటి మధ్య మట్టి గట్లు, ఒక పంపు గది, దాని ముందు రేకుల వసారా. గుంటల వెనక ప్రహరీ పొడవునా మనిషెత్తు దాటిన పొదలు. ఎవరూ నాటలేదు, తమంతట తామే పెరిగాయి. వాసన సంగతి చెప్పక్కర్లేదు. మనుషులు ముక్కు మూసుకుని దాటిపోయే ఆ చోటంటే పిట్టలకు మాత్రం ప్రాణం. ఏటా చలి తగ్గి చిగుళ్ళు పుట్టే రోజుల్లో ఎక్కడినుంచో ఎక్కడికో పోయే వలస పిట్టలు అక్కడ దిగుతాయి. రెండు రోజులో పది రోజులో బురదలో పురుగులు తిని, ఒంట్లో సత్తువ చేరగానే లేచిపోతాయి. పొడుగు ముక్కు ఉల్లంకులు, కత్తెర తోక పిట్టలు, పనీపాటా లేనట్టు తోక ఆడిస్తూ తిరిగే పసుపు పిట్టలు, ఒక్కో ఏడు బాతుల దండు.

పంపాయన ఆ పనిలో చేరి ఇరవై ఏడేళ్ళు. చేరిన కొత్తలో ఆయనకు కాకి తప్ప మరో పిట్ట పేరు తెలియదు. తెలిసిందల్లా వినడం. మోటారులో బేరింగు అరిగిందో లేదో ఆ రోజుల్లో ఏ మీటరూ చెప్పేది కాదు. పొడుగు స్క్రూడ్రైవరు మొన మోటారుకు ఆనించి, పిడి చెవి కింద ఎముకకు ఆనించి, కళ్ళు మూసుకుని వినాలి. బేరింగు బాగుంటే ఒకలా మూలుగుతుంది, చెడబోతుంటే ఇంకోలా. పాత ఫోర్‌మన్ దగ్గర ఆ విద్య నేర్చుకుని, ఫోర్‌మన్‌నే మించిపోయాడు. ఇంకో నెలలో పాడవుతుందన్న బేరింగు సరిగ్గా నెలకు పాడయ్యేది. అలా పదునెక్కిన చెవి మోటారు దగ్గర ఆగుతుందా? తెల్లవారుజాము షిఫ్టులో గట్టు మీద నడుస్తుంటే, ఏ కూత కొత్తదో ఏది పాతదో దానంతటదే వేరు చేసుకోవడం మొదలుపెట్టింది. మూడో ఏడు ఒక పాత లాగ్‌బుక్కు వెనక నుంచి తిరగేసి, పిట్టల రాకపోకలు రాయడం మొదలుపెట్టాడు.

పంపుల లాగ్‌బుక్కుకున్న నియమాలే దీనికీ పెట్టాడు. తేదీ, గాలి ఎటు, ఏ పిట్ట, ఎక్కడ, ఎన్ని, చూసిందా విన్నదా, చివర సంతకం. తప్పు రాస్తే చెరపకూడదు. దాని మీద ఒకే ఒక గీత గీసి, పక్కన ఎర్ర సిరాతో సరైనది రాసి, సంతకం పెట్టాలి. గీత కింద పాత తప్పు చదివేటట్టు ఉండాలి. తర్వాత్తర్వాత ఊళ్ళో పిట్టల పిచ్చి ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే చేరినప్పుడు, వాళ్ళ చేతా ఈ నియమాలే పాటింపజేశాడు. వాళ్ళలో బేకరీ ఆయన ఒకసారి తెల్ల రంగు పూసి బాతుల లెక్క దిద్దాడని, నెల రోజులు ఆయన చేతికి పుస్తకం ఇవ్వలేదు. ఆదివారం గుంటల చుట్టూ తిరిగొచ్చాక అందరూ వసారాలో కూర్చుంటారు. ఆ రోజు రాసినవన్నీ పైకి చదువుతారు. పంపాయన తలాడిస్తే ఉంటుంది, లేకపోతే గీత పడుతుంది.

ఆయనకు అన్నిటికన్నా ఇష్టమైనది సూదిపిట్ట. పుస్తకాల్లో దానికి నోరు తిరగని పేరేదో ఉంది. సూదిపిట్ట అన్నది ఈయన పెట్టుకున్న పేరు. బొటనవేలంత ఉంటుంది, ఆకు రంగులో ఉంటుంది, పొదలోంచి బయటికి రాదు. దాన్ని చూడటం ఎవరి తరమూ కాదు, వినాల్సిందే. కూత సూదంత సన్నం. వెనక పొదల్లో పదీ పన్నెండు రోజులుండి వెళ్ళిపోతుంది. పుస్తకం మొదలెట్టిన నాటి నుంచి వరసగా ఇరవై ఒక్క వసంతాలు దాని రాక ఆయన చేత్తోనే రాశాడు. తర్వాత మూడేళ్ళూ ఆ గడిలో ఒకటే మాట: రాలేదు.

మొదటి ఏడు రాలేదని రాసినప్పుడు ఆయన రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. రెండో ఏడు ఇంకో సంగతి జరిగింది. లెక్కల టీచరుగా చేసి రిటైరైన పెద్దావిడ ఒకరు వాళ్ళ గుంపులో ఉంది. ఆయనకన్నా ఆరేళ్ళు పెద్ద. ఒక ఆదివారం ఆమె పుస్తకంలో, వెనక పొదల్లో సూదిపిట్ట, ఒకటి, విన్నది అని రాసింది. చదివే వేళకు పంపాయన పెదవి విరిచాడు. తాను ఆ పొదల దగ్గరే అరగంట నిలబడి వచ్చాడు మరి. "మీ చెవిలో గుయ్యిమంటోందేమోనండీ టీచరుగారూ," అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, తన చేత్తోనే గీత గీసి, పక్కన ఎర్ర సిరాతో "పొరపాటు" అని రాసి సంతకం పెట్టింది. ఆ తర్వాత ఆదివారాలు ఒక్కటీ మానలేదు కానీ, విన్నది అన్న గడిలో మళ్ళీ ఏమీ రాయలేదు. అది పంపాయన గమనించలేదు. పిట్ట తోకలో తెల్ల ఈక ఎన్నోదో చెప్పగల మనిషి, పక్కన కూర్చున్న మనిషి నోరు మూసుకున్న సంగతి మాత్రం గమనించలేదు.

ఇక ఈ ఏటి సంగతి. గుంటల దగ్గర నుంచి కొత్తగా కట్టిన షెడ్డు దాకా గొట్టం వేయాలని ఆఫీసులో తేలింది. వెనక పొదలు కొట్టేసి నేరుగా వేస్తే దగ్గర దారి, ప్రహరీ బయట చుట్టి తెస్తే దూరం. కొత్తగా వచ్చిన ఇంజనీరమ్మ మంచి పిల్ల. పొదలు కొట్టించే ముందు స్వయంగా వచ్చి, "బాబాయ్, మీ పుస్తకం చూపించండి. అక్కడ పిట్టలుంటే నేను చుట్టే తిప్పుతా," అంది. పంపాయన పుస్తకం ముందు పెట్టాడు. గట్ల మీద, బురదలో బోలెడు పిట్టలున్నాయి. వెనక పొదలని రాసిన గడుల్లో మాత్రం మూడేళ్ళుగా రాలేదు, రాలేదు, రాలేదు. ఈ ఏడు కూడా రావలసిన రోజు దాటి వారమైంది. ఆమె అదే ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టమంటే పెట్టాడు. బాధగానే పెట్టాడు, కానీ అబద్ధం రాయలేడు కదా. సోమవారం నరికేందుకు పొదలకు ఎర్ర రిబ్బన్లు కట్టారు.

గురువారం ఆయన క్యారేజీ ఇంట్లో మర్చిపోయాడు. భార్య తెచ్చింది.

ఆవిడకు పిట్టలంటే బొత్తిగా గిట్టదు. ఇరవై నాలుగేళ్ళ ఆదివారాలు మింగేసినవాటి మీద ఎవరికి మాత్రం ప్రేమ ఉంటుంది? ఎండగా ఉందని పొదల నీడన రాయి మీద కూర్చుని డబ్బా మూత తీసి ఆయన చేతికిచ్చింది. ఆయన నాలుగు ముద్దలు తిన్నాడో లేదో, ఆవిడ మొదలుపెట్టింది.

"ఏవండీ, ఆ మోటారుకి కాస్త నూనె పోయకూడదూ? వచ్చినప్పట్నుంచీ ఒకటే కీచుమంటోంది."

మోటారు మాటంటే ఆయనకు కాలు నిలవదు. చేయి కడుక్కుని, స్క్రూడ్రైవరు తీసుకుని, రెండు మోటార్లకూ ఆనించి విన్నాడు. మూలుగు నిమ్మళంగా ఉంది. చెవి పనిచేస్తోందనడానికి ఇంకేం కావాలి? వచ్చి, "అదేం లేదే. నీకు మోటారంటే ఏం తెలుసు," అన్నాడు.

"నాకేం తెలీదు కానీ, కీచుమనేది ఇప్పుడు కూడా వస్తోంది."

నీటిమట్టం తక్కువగానే ఉంది. ఆయన లోపలికెళ్ళి రెండు పంపులూ ఆపేశాడు. ఏళ్ళ తరబడి ఆగని మోత ఆగేసరికి గాలి కూడా వినపడింది. గట్టు మీద ఉల్లంకి కూసింది, అది విన్నాడు. దూరంగా సైకిలు బెల్లు, అదీ విన్నాడు. పొదల దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ఇంకా వస్తోందా?"

"వస్తోంది. మోటారు కాదులెండి. ఈ పొదల్లోంచే," అంది ఆవిడ. "మీకు వినపట్లేదా?"

ఆయన చేయి చెవి వెనక పెట్టుకున్నాడు. తల అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"ఎలా ఉంది అది? అని చూపించు."

"నేను పిట్టలా అరవనా? బాగుంది సంబడం."

"ఒక్కసారి. నీకు పుణ్యముంటుంది."

ఎవరైనా చూస్తున్నారేమోనని ఆవిడ అటూ ఇటూ చూసింది. తర్వాత పెదాలు దగ్గరికి లాగి, పళ్ళ సందులోంచి అంది. "సీ, సీ, సీ, సీసీసీ..." చివర్లో జారవిడిచినట్టు చిన్నగా "సియ్యు" అని ఆపింది.

ఆ జారు మరో పిట్టకు లేదు. మూడేళ్ళుగా వినని ఆ పాటను ఆయన పెళ్ళాం నోట విన్నాడు. ఆవిడ గొంతు కాస్త మొద్దు కాబట్టి వినపడింది, అసలుదైతే వినపడదు. ఆవిడ పక్కనే రాయి మీద కూర్చున్నాడు.

"చేతి గడియారం అలారం కొడుతుంటే పక్కనే ఉండి పట్టించుకోరు. చెప్తే పెడచెవిన పెట్టేశారు," అందావిడ. తర్వాత ఆయన ముఖం చూసి గొంతు తగ్గించింది. "వయసు కాదూ. అందరికీ వచ్చేదేగా."

అందరికీ వచ్చేదే. కానీ అందరూ దాన్ని పుస్తకంలోకి ఎక్కించి సంతకాలు పెట్టరు. తనకు వినపడనిదల్లా లోకంలో లేదని మూడేళ్ళు రాశాడు. అది చదివి పొదలకు రిబ్బన్లు కట్టారు. మూడేళ్ళూ ఆ వేలెడంత పిట్ట ఎన్ని వేల మైళ్ళు ఎగిరొచ్చిందో, ఆయన నెత్తి మీదే కూర్చుని గొంతు చించుకుంది. ఆయన కింద నిలబడి, రాలేదే అని దిగులు పడ్డాడు.

దారి ఒకటి సులువుగానే తోచింది, దాచడమెందుకు. ఈ రోజు తేదీ వేసి, సూదిపిట్ట, ఒకటి, విన్నది అని రాస్తే చాలు. ఇంజనీరమ్మ రిబ్బన్లు విప్పించేస్తుంది. మూడేళ్ళు రాని పిట్ట నాలుగో ఏడు వచ్చిందని ఆదివారం అందరూ సంబరపడతారు. పొదలు దక్కుతాయి, పరువూ దక్కుతుంది. అబద్ధమల్లా విన్నది ఎవరన్న దగ్గరే. శుక్రవారం పొద్దున పుస్తకం తీసి, గురువారం తేదీతో సంతకం గడి దాకా అన్నీ నింపాడు. సంతకం పెట్టబోతూ, ముందేళ్ళలో ఎలా రాశాడో చూద్దామని పేజీలు వెనక్కి తిప్పాడు. టీచరమ్మ గీత కనపడింది. స్కేలు పెట్టి గీసినంత తిన్నని గీత. దాని కింద ఆమె రాసిన మాట ఇంకా చదివేటట్టే ఉంది, ఆయన నేర్పినట్టే. పక్కన ఎర్రగా "పొరపాటు".

తల కొట్టేసినట్టయింది. అక్కడి నుంచి ఒక్కో పేజీ తిప్పుతూ ముందుకొచ్చాడు. రెండేళ్ళ ఆదివారాలు. ఆమె రాసినవన్నీ చూసినవే. విన్నది ఒక్కటీ లేదు. సంతకం గడి ఖాళీగానే వదిలి పుస్తకం మూసేశాడు.

ఆదివారం అందరూ వచ్చారు. ఇంజనీరమ్మను ఆయనే రమ్మన్నాడు. భార్యనూ తెచ్చాడు, ఆవిడ పట్టుచీర మడత చెడుతుందని విసుక్కుంటూ ఒక మూల నిలబడింది. ఆ రోజు గుంటల చుట్టూ తిరగడానికి ముందే ఆయన వసారాలో పుస్తకం తెరిచాడు. ఉపన్యాసం ఏదో ఇద్దామనుకున్నాడు కానీ, తీరా నోరు తెరిచేసరికి రెండు ముక్కలే వచ్చాయి.

"సూదిపిట్ట మూడేళ్ళూ వచ్చే ఉంటుంది. నాకే వినపడలేదు."

ఆయన ఎర్ర పెన్ను తీసి, మూడు రాలేదుల మీదా మూడు గీతలు గీశాడు. మొదటిదాని పక్కన "తెలియదు. రాసినవాడికి చెవి పోయింది" అని రాసి సంతకం పెట్టాడు. మూడోదాని పక్కనా అదే. రెండో ఏటి దగ్గర మాత్రం ఆగి, టీచరమ్మ గీత ఉన్న పేజీ తీశాడు. ఆమె ఎర్రగా రాసిన "పొరపాటు" మీద ఇంకో గీత గీసి, దాని పక్కన రాశాడు: "వచ్చింది. టీచరుగారు విన్నారు."

ఇంజనీరమ్మ పుస్తకం మీదకి వంగి చూసింది. "బాబాయ్, మరి మీ పుస్తకంలో మిగతావి నేనెలా నమ్మాలి?"

సరైన ప్రశ్నే. మొహమాటానికి వదిలేసి ఉంటే ఆయనే నొచ్చుకునేవాడు. "చూసినవి నమ్మొచ్చు మేడం. విన్నవాటిల్లో సన్న గొంతు పిట్టల సంగతి, ఈ నాలుగేళ్ళవి, నమ్మకండి. ఎక్కడెక్కడో గుర్తు పెట్టి ఇస్తాను."

"నేను గొట్టం చుట్టే తిప్పిస్తాను. కానీ కారణం కాగితం మీద రాసివ్వాలి, సంతకంతో. పాత కాగితం మీద మీ సంతకమే ఉంది మరి."

"రాసిస్తాను."

అలా రాసిస్తే ఆఫీసువాళ్ళు చెవుల డాక్టరు దగ్గరికి పంపుతారనీ, పంపు గదిలోంచి తీసి ఏ స్టోరు గదిలోనో కూర్చోబెడతారనీ ఆయనకు తెలుసు. రిటైర్మెంటు ఇంకా పద్నాలుగు నెలలుంది. ఇరవై ఏడేళ్ళు వినడమే పనిగా బతికిన మనిషికి అది చిన్న దెబ్బ కాదు. ఆ ముక్క బేకరీ ఆయనకు కూడా తట్టినట్టుంది, బైనాక్యులర్ల అద్దాలు అదే పనిగా తుడవడం మొదలుపెట్టాడు.

టీచరమ్మ ఇంకా పుస్తకం వైపే చూస్తోంది.

"టీచరుగారూ," అన్నాడు పంపాయన. ఆ రోజు నవ్వులాటకన్న మాట గుర్తుచేసి తప్పొప్పుకోవాలనుకున్నాడు.

అంతలో ఆమే అందుకుంది. "ఆ మర్నాడే నేను డాక్టరు దగ్గరికెళ్ళానండీ. చెవులు భేషుగ్గా ఉన్నాయన్నాడు. నేను నమ్మలేదు. డాక్టరుకేం తెలుసు, పంపు గదాయన లేదన్నారంటే లేదు అనుకున్నా." నవ్వింది. "అప్పట్నుంచీ రేడియో గట్టిగా పెట్టుకుంటున్నా. పక్కింటివాళ్ళు తిట్టుకుంటున్నారు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. పంపాయన కళ్ళు తుడుచుకున్నాడు, దాచుకోలేదు కూడా. శుక్రవారం ఖాళీగా వదిలిన గడి తీసి, పుస్తకం భార్య ముందు పెట్టాడు. "నువ్వు విన్నావు కదా, నువ్వే పెట్టాలి." ఆవిడ "నాకెందుకీ గొడవ" అంటూనే, పేరంతా గుండ్రంగా, పూర్తిగా రాసింది.

తర్వాత అందరూ పొదల దగ్గరికి నడిచారు. రిబ్బన్లు అలాగే ఉన్నాయి, రేపు విప్పుతారు. పంపులు నడుస్తున్నాయి. టీచరమ్మ పొదలకు నాలుగడుగుల దూరంలో ఆగి, కళ్ళు మూసుకుని, చూపుడు వేలు మెల్లగా పైకెత్తింది. కాసేపుంచి దించింది. పంపాయనకు ముందు అర్థం కాలేదు. మళ్ళీ ఎత్తింది, మళ్ళీ దించింది. అప్పుడు అర్థమై, వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. ఒక కన్ను ఆమె వేలి మీద, ఒక కన్ను పొద మీద పెట్టుకున్నాడు. మూడోసారి వేలు లేచినప్పుడు లోపల ఒక ఆకు కదిలింది. నాలుగోసారి ఆ ఆకే పిట్టయింది. ఇరవై నాలుగేళ్ళలో ఎన్నడూ దాన్ని అంత దగ్గరగా చూడలేదు. మెడ సాచింది. గొంతు కింద ఈకలు వణికాయి. సన్నటి ముక్కు విచ్చుకుంది, లోపల పసుపు కనపడింది. ఆయనకు పంపుల మోత మాత్రమే వినిపిస్తోంది. ముక్కు మూసుకుంది.

టీచరమ్మ వేలు దించింది.